కుప్పం సీమలో పాత గుంతలు

మదనపల్లె దాపున ఉన్న గుర్రంకొండ వంటి కోట ఏది కనిపించినా, రాజు శత్రువు కన్నుగప్పి తప్పించుకోవడానికి అడుగున సొరంగం తవ్వించాడని చెప్పుకోవడం జనానికి పరిపాటి. అయితే ఈ సీమలో మనిషి చేతితో తొలిచిన భూగర్భ మార్గాలను చూడాలంటే కోటలను విడిచి కుప్పం పక్కన గుడుపల్లె మండలానికి వెళ్లాలి. కోలారు నుంచి దక్షిణంగా సాగే పొరలరాతి పట్టీ, అంటే బంగారం ఒదిగిన షిస్టు శిలల వరుస, అక్కడి బిసానత్తం, చిగురుకుంట గ్రామాలను తాకుతుంది. ఈ పట్టీ పొడవునా పూర్వులు తవ్విన గోతులను గని పరిశోధకులు 'పాత పనులు' అంటారు.

వాటి తీరు కథల్లోని రాజుల సొరంగానికి పూర్తిగా విరుద్ధం. బంగారమున్న పలుగురాతి ఈనె ఎటు తిరిగితే తవ్వకమూ అటే తిరిగేది. ఈనె సన్నబడిన చోట మనిషి పక్కకు ఒరిగి దూరవలసిందే. రాతి ముఖాన కట్టెలు పేర్చి నిప్పంటించి, బాగా కాగాక నీళ్లు చల్లితే రాయి పగుళ్లిచ్చి ఊడివచ్చేది. కర్ణాటకలోని హట్టిలో ఇటువంటి పనులు 640 అడుగుల లోతుకు దిగాయంటే, ఇనుప ఉలి, మంట తప్ప వేరే ఆధారం లేనివారి ఓర్పు ఆశ్చర్యం గొలుపుతుంది.

1802లో సరిహద్దు సర్వేకు వచ్చిన బ్రిటిష్ సైనికాధికారి జాన్ వారెన్ కోలారు గనుల ప్రాంతంలోని మారికుప్పంలో ఈ పనిని కళ్లారా చూశాడు. గుంతలో అంచెలంచెలుగా నిలిచిన మగవారు రాళ్ల బుట్టలను చేతులు మార్చి పైకి అందించేవారు; ఆడవారు వాటిని బండమీద దంచి, పొడిని బియ్యం గాలించినట్లు నీటిలో గాలించేవారు. అంతకు చాలా ముందే ఆ ప్రాంతంలో తవ్వకాలు సాగాయనడానికి అక్కడి ఛాంపియన్ రీఫ్ గనిలో దొరికిన పాత కలపే సాక్ష్యం. ప్రాణం పోయిన చెట్టులో తరిగే రేడియోధార్మిక కర్బనాన్ని కొలిచి కాలం తేల్చే రేడియోకార్బన్ పరీక్షలో అది సుమారు క్రీ.శ. 5–9 శతాబ్దాల మధ్యదని తేలింది. ఆ కాలాన్ని గుడుపల్లె గుంతలకు అలాగే అంటగట్టడం మాత్రం తొందరపాటు.

బవేరియా, ఆస్ట్రియాలలో 'ఎర్డ్‌స్టాల్' అనే మధ్యయుగపు ఇరుకు సొరంగాలు ఎందుకు తవ్వారో తేలకపోయినా, వాటిని ఒక్కొక్కటిగా కొలిచి పటాలు గీస్తున్నారు. గుడుపల్లెలో ఎందుకు తవ్వారో తెలుసు గనుక కొలవనక్కరలేదనుకోవడం పొరపాటు. 2001లో మూతపడిన చిగురుకుంట–బిసానత్తం గనుల క్షేత్రం 2016 వేలంలో ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్‌.ఎం.డి.సి.కి దక్కింది. యంత్రాలు దిగకముందే పాత గుంతల కొలతలు, ఫొటోలు, వాటిలోని బొగ్గు నమూనాలు పురావస్తు శాఖ చేతికి చేరాలి.