ఇల్లు లెక్కలోకి వచ్చింది, గూడెం రాలేదు



పోస్టు కొంచెం పొడుగు, ఓపికగా చదవండి. హాస్టల్లో మేము కొందరం కలిసి చదివి, మధ్యలో బాగానే కొట్లాడుకుని రాసింది ఇది. ఇందిరమ్మ ఇండ్ల లిస్టులు వచ్చినప్పటి నుంచి మా మధ్య ఒకటే ప్రశ్న తిరుగుతోంది: మా గూడెంలో ఎందుకు రాలేదు? ఆఫీసుల చుట్టూ తిరిగితే జాగ కాగితం లేదంటారు, ఫారెస్టుల ఉందంటారు, మీది ఊరు కాదు ఆవాసం అంటారు. ఈ జవాబులు ఇప్పటివి కావు. ఎంత పాతవో చూద్దామని ఆదిలాబాద్ అడవి చరిత్ర నుంచి మొదలుపెట్టినం.

గోండిలో ఇంటిని రోన్ అంటాం, ఊరిని నార్ అంటాం. మన పెద్దల కాలంలో నార్ అంటే ఇండ్ల వరుస మాత్రమే కాదు. ఊరి దేవత ఉండే చోటు, పట్ల ఇంటి ముందు కూర్చునే జాగ, పశువుల కొట్టం, చేను, వాగు, ఇప్పపూలు ఏరే అడవి, అన్నీ కలిపి నార్. నేల అలిసిపోతేనో, రోగం వచ్చి జనం పోతేనో ఊరినే ఎత్తుకుని ఇంకో చోటికి పోయేవాళ్లు. నిట్టాళ్లు, వెదురు, మట్టి, గడ్డి ఉంటే ఇల్లు లేస్తుంది. దానికి పట్టా అక్కర లేకపోయింది. దీన్ని తర్వాత కాగితాల్లో స్థిరత్వం లేని జనం అని రాసుకున్నారు. మాకైతే అది స్థిరత్వమే అనిపిస్తుంది. ఊరు మారినా మనుషులు, దేవుళ్లు, గోత్రాలు మారలేదు గదా.

నిజాం కాలంలో రిజర్వు ఫారెస్టు గీతలు గీయడంతో ఈ పద్ధతి తెగిపోయింది. గీత లోపల పడ్డ గూడేలను ఖాళీ చేయించారు. గోండులు, కొలాములు సాగు చేసుకుంటున్న బాబేఝరీ ప్రాంతంలో ఇండ్లు తగలబెట్టారు. కుమ్రం భీం పోరాటాన్ని మనం జల్, జంగల్, జమీన్ అని చెప్పుకుంటాం, సరైనదే. కానీ అది మొదలైంది కాలిన ఇండ్ల దగ్గర, 12 గూడేల వాళ్లు అడిగిన నివాస హక్కు దగ్గర. 1940లో జోడేఘాట్‌లో భీం చనిపోయాక గానీ, అసలు ఈ జనం ఎందుకు తిరగబడ్డారని నిజాం సర్కారు ఆలోచించలేదు. అందుకే హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో మనలాంటి గుడిసెలోనే ఉన్నారు. 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. బెట్టీ సమాధి కూడా మార్లవాయిలోనే ఉంది, జైనూరు వైపు పోతే చూసి రండి.

ఇక్కడ మాకు ముఖ్యం అనిపించిన సంగతి ఒకటుంది. అప్పుడు సర్కారు ఇండ్లు కట్టియ్యలేదు. లావుణి పట్టాలు ఇచ్చింది. భూమి ఎవరూ గుంజుకోరని నమ్మకం కలిగాక ఇండ్లు జనమే కట్టుకున్నారు, మళ్లీ ఊళ్లు నిలబడ్డాయి. అంటే ఆ రోజుల్లో మన సమస్య పైకప్పు కాదు, కాళ్ల కింది నేల. తర్వాత వచ్చిన పథకాలు దీన్ని తలకిందులు చేశాయి. ముందు పైకప్పు గురించి మాట్లాడి, నేల సంగతి వచ్చేసరికి కాగితం తెమ్మన్నాయి.

స్వతంత్రం వచ్చాక పల్లె ఇండ్ల కోసం 1957లో ఒక జాతీయ పథకం వచ్చింది. అది అప్పు పథకం. అప్పు అంటే హామీ, హామీ అంటే పట్టా. అడవి గూడేల వరకు అది వచ్చే దారే లేదు. తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు చెప్పుకోదగ్గది ఏమీ లేదు. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది, అదీ ఉపాధి పనుల పథకంలో ఒక ముక్కగా. మనవాళ్లు చాలామందికి తెలియనిది ఏమిటంటే, అది మొదట అందరి పథకం కాదు. ఎస్సీలకు, ఎస్టీలకు, వెట్టి నుంచి విడుదలైన కూలీలకు పెట్టింది. 1993-94లో మిగతా పేదలకు కూడా విస్తరించారు. 1996 జనవరి 1 నుంచి విడి పథకం అయింది. మన గూడేల్లో మొదటి సిమెంటు గోడలు ఎక్కువగా ఆ కాలంవే.

ఆ ఇండ్ల కొలత 20 చదరపు మీటర్లు. ఒక గది, ముందు చిన్న వసారా. ఇప్పుడు ఆ కొలతలో మన ఇంటిని పెట్టి చూడండి. పొయ్యి ఎక్కడ? జొన్నలు పోసే గుమ్మి ఎక్కడ? ఇంటి దేవుడి మూల ఎక్కడ? ఎడ్లు ఎక్కడ, వానకాలం కట్టెలు ఎక్కడ? మాలో ఒకరి గూడెంలో కాలనీ ఇండ్లన్నీ వరుసగా రోడ్డు పక్కన ఉంటాయి, వాటిలో పత్తి పోసి తాళం వేస్తారు. మనుషులు వెనక గడ్డి కప్పు కింద పడుకుంటారు. బయటి నుంచి వచ్చిన సార్లు చూసి, వీళ్లకు ఇల్లిచ్చినా ఉండడం రాదు అని నవ్వుతారు. రూల్స్‌లో ఫలానా డిజైనే కట్టాలని లేదు, కాంట్రాక్టరును పెట్టొద్దు, లబ్ధిదారుడే కట్టుకోవాలి అని ఉంది. చేతిలో డబ్బు లేని మనిషి, సిమెంటు సంగతి తెలియని మనిషి కట్టుకోవాలంటే చివరికి ఎవరో ఒక మేస్త్రీ చేతిలోకే పోతుంది. ఆ మేస్త్రీకి వచ్చేది ఒకటే డిజైను.

పాత ఇల్లే గొప్ప అని మేము అనట్లేదు. ఈ విషయం మీదే మాకు కొట్లాట అయింది. గడ్డి కప్పు ఏటేటా మార్చాలి. ఇప్పుడు గడ్డి దొరకదు, వెదురు తెస్తే కేసు. పాములు, నిప్పు, వాన. మా అమ్మలు స్లాబు అడుగుతున్నారంటే ఊరికే అడగట్లేదు. స్లాబు కావాలి. కానీ ఆ స్లాబు ఎక్కడ, ఎంత, ఏ పక్కన కొట్టం అనేది మన ఇంట్లో వాళ్లు చెప్పాలి గదా.

ఇక పెద్ద విధానాలు. జాతీయ గృహ విధానం 1988లో ఒకటి, 1994లో ఒకటి వచ్చాయి. 1994 దాంట్లో సర్కారు స్వయంగా కట్టే పని తగ్గించుకుని, కట్టేవాళ్లకు దారి సులువు చేసే పని తీసుకుంటానంది. బ్యాంకు అప్పు పుట్టేవాడికి అది బాగానే ఉంటుంది. 1996లో ఇస్తాంబుల్‌లో ఐక్యరాజ్యసమితి ఆవాసాల మహాసభ జరిగింది, 1998లో మన దేశ విధానం పేరులోకి హాబిటాట్ అనే మాట వచ్చింది. జాతీయ గృహ, ఆవాస విధానం. ఏటా అదనంగా 20 లక్షల ఇండ్లు, అందులో పల్లెలకు 13 లక్షలు, పట్టణాలకు 7 లక్షలు అని లక్ష్యం పెట్టుకున్నారు. మాటేమో ఆవాసం, లెక్కేమో ఇండ్లది. 2007లో వచ్చిన విధానం పేరులోనే అర్బన్ చేరింది. అది పట్టణాలది. పల్లెలకు మిగిలింది పథకాలే.

దానికి ఒక్క ఏడాది ముందు, అదే హాబిటాట్ అనే మాట ఇంకో చట్టంలో వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం. ఇది మేము చదివి నిజంగా ఆశ్చర్యపోయాం. ఇండ్ల శాఖ రాసిన దానికంటే మన ఊరి అర్థం ఈ చట్టంలోనే దగ్గరగా ఉంది. సెక్షన్ 3(1)(ఎ) సాగుకే కాదు, నివాసానికి కూడా హక్కు ఇస్తుంది. 3(1)(ఇ) కొలాం, తోటి, చెంచు, కొండరెడ్డి లాంటి పీవీటీజీలకు ఆవాస ప్రాంతం మీద సామూహిక హక్కు ఇస్తుంది. 3(1)(హెచ్) సర్వే కాని ఊళ్లను, అటవీ గ్రామాలను, పాత ఆవాసాలను రెవెన్యూ గ్రామాలుగా మార్చే హక్కు ఇస్తుంది. 3(2)లో బడి, అంగన్‌వాడీ, రోడ్డు, కరెంటు లైను, తాగునీరు లాంటి 13 సౌకర్యాలకు గ్రామసభ సిఫారసు మీద హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. ఆ 13లో ఇల్లు లేదు. ఎందుకంటే నివాసం విడిగా హక్కుగానే ఉంది. ఆఫీసుల్లో మాత్రం 13లో ఇల్లు లేదు కాబట్టి కుదరదు అనే మాట వినిపిస్తుంది. అలా అంటే 3(1)(ఎ) చూపించండి.

చట్టంలోనూ ఒక చిక్కు ఉంది. 2005 డిసెంబర్ 13 నాటికి ఆక్రమణలో ఉన్న భూమికే హక్కు. అప్పుడు మాకు ఏడాదో, రెండేళ్లో, కొందరం పుట్టనే లేదు. అన్నదమ్ములు వేరు పడితే రెండో ఇల్లు ఎక్కడ? నాన్న పట్టాలోనే. ఆ హక్కు వారసులకు వస్తుంది, అమ్మడానికి మాత్రం లేదు. ఇండ్ల దరఖాస్తులో దీన్ని జాగ కాగితంగా తీసుకోవాలని గట్టిగా అడగాల్సింది మనమే.

2016లో ఇందిరా ఆవాస్ పోయి పీఎం ఆవాస్ గ్రామీణ్ వచ్చింది. కొలత 25 చదరపు మీటర్లు అయింది, మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. మన రాష్ట్రంలో డబుల్ బెడ్‌రూం పథకం ఉండడంతో ఇది చాలా ఏళ్లు నడవలేదు. 2023 నవంబర్ 15న పీఎం జన్‌మన్ మొదలైంది. దేశంలోని 75 పీవీటీజీలకు 4.90 లక్షల ఇండ్లు, ఉపాధి కూలీ, మరుగుదొడ్డి కలిపి ఇంటికి 2.39 లక్షలు. కొలాం ఇంటికి వస్తుంది, పక్కనే ఉన్న గోండు ఇంటికి రాదు. 2024 అక్టోబర్ 2న మొదలైన ధర్తీ ఆబాలో మిగతా గిరిజనులకు కూడా ఇండ్లు ఉన్నాయి కాబట్టి దీని మీద మనలో మనం కొట్లాడుకోవద్దు.

2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇండ్లకు 5 లక్షలు. అన్నిటికంటే ఎక్కువ, నిజమే. కానీ మొదటి లక్ష బేస్మెంటు లేచాకే పడుతుంది. ఆ బేస్మెంటుకు ఇసుక, కంకర, సిమెంటు గుట్ట మీదికి ఎక్కించే ట్రాక్టరు కిరాయి ఎవరిస్తారు? సావుకారి. పత్తి మీద అప్పు. 5 లక్షల ఇల్లు మొదటి రోజే అప్పుతో మొదలవుతుంది.

ఇంకో పక్క, కవ్వాల్ టైగర్ రిజర్వు నుంచి రాంపూర్, మైసంపేట ఊళ్లను బయటికి తెచ్చారు. అలాంటి ప్యాకేజీలో కుటుంబానికి 15 లక్షలు అనో, ఇల్లూ భూమీ అనో ఉంటుంది. కొత్త కాలనీలో ఇల్లు పక్కాదే. చట్టం సెక్షన్ 4(2) ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అడవిలో ఉన్నంత కాలం స్లాబుకు కాగితం లేదన్నవాళ్లకు, అడవి వదిలితే అన్ని కాగితాలూ ఎట్లా దొరుకుతాయో మాకు అర్థం కాలేదు.

2018లో 500 జనాభా దాటిన గూడేలు, తండాలు పంచాయతీలు అయ్యాయి. సర్పంచులు మనవాళ్లే. కానీ పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. చాలా గూడేలు ఇప్పటికీ వేరే ఊరి రికార్డులో ఒక ఆవాసం పేరుగానే ఉన్నాయి. అందుకే సెలవుల్లో ఇంటికి పోయే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాం. మీ గూడెం ఏ రెవెన్యూ గ్రామం కింద ఉందో పంచాయతీ కార్యదర్శిని అడిగి రాసుకోండి. 3(1)(హెచ్) కింద దరఖాస్తు గానీ, ఆవాస హక్కు కింద ఫారం బి గానీ ఎప్పుడైనా పెట్టారా, పెడితే రసీదు ఉందా చూడండి. లావుణి పట్టా కాగితాలు ట్రంకు పెట్టెల్లో ఉంటే చెదలు పట్టకముందే ఫోటో తీయండి. పాత ఇందిరా ఆవాస్ ఇండ్ల గోడల మీద సంవత్సరం రాసి ఉంటే అదీ. అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు, మండలాల వారీగా మేము పట్టిక చేస్తున్నాం. జైనూరు, సిర్పూర్-యు, కెరమెరి వాళ్లు ముందు పంపండి, ఆ మూడు మండలాలతోనే మొదలుపెట్టినం.