ఫ్లూ జ్వరం, యువత మూత్రపిండాలు: కలిగిరి మెట్ట నుంచి ఒక పరిశీలన

ఇన్‌ఫ్లూయెంజా ఊపిరితిత్తుల జబ్బుగానే మన వైద్య విద్యార్థులకు పరిచయమవుతుంది. వయసులో ఉన్నవాళ్ళలో అది మూత్రపిండాల దాకా పోవడం అరుదు. పోయిన చోట మాత్రం వైరస్ చేసిన పని ఎంత, జ్వరం పడ్డ మనిషిని మనం చూసుకున్న తీరు చేసిన పని ఎంత అన్నది విడదీసి చూడాలి. నా వాదన ఏమిటంటే, రెండోదాని వాటాయే పెద్దది. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు మెట్ట మండలాల్లో, అందులోనూ కలిగిరి లాంటి చోట, ఆ వాటా మరింత పెరగడానికి కారణాలున్నాయి.

ఈ సంబంధం కొత్తది కాదు. 1918 మహమ్మారి తర్వాత అమెరికన్ రోగనిర్ధారణ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ 1919లో ఒక పద్దెనిమిదేళ్ళ యువకుడి శవపరీక్ష వివరాలు ప్రచురించాడు. ఫ్లూ నుంచి తేరుకుంటున్నట్టే కనిపించిన ఆ కుర్రాడు కొన్ని వారాలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావంతో చనిపోయాడు. మూత్రపిండాల్లోని వడపోత గుచ్ఛాలు కూడా వాచి ఉన్నాయి. 1958లో స్టాంటన్, టాంజ్ అనే ఇద్దరు ఇలాంటి రోగుల గురించి రాస్తూ ఆ జబ్బుకు గుడ్‌పాశ్చర్ పేరే పెట్టారు. మన శరీరమే తన వడపోత పొరకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారుచేసుకోవడం దానికి మూలమని తర్వాత తేలింది. పరీక్షల కోసం ఆ పేరు బట్టీపట్టే విద్యార్థుల్లో, అదంతా ఒక ఫ్లూ రోగి దగ్గర మొదలైందని తెలిసినవాళ్ళు ఎక్కువమంది ఉండరు.

2009లో వచ్చిన హెచ్1ఎన్1 మళ్ళీ యువతనే ఎక్కువగా పట్టింది. భారతదేశంలో తొలి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. పాతకాలపు హెచ్1ఎన్1 రకాలను చిన్నప్పుడే ఎదుర్కొన్న పెద్దవాళ్ళకు కొంత రక్షణ ఉండగా పిల్లలకు, నడివయసు లోపు వారికి అది లేకపోయింది. ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన రోగుల్లో మూత్రపిండాల హఠాత్ దెబ్బ తరచుగా కనిపించిందనీ, అది ఉన్నవారిలో మరణాలు పెరిగాయనీ అనేక దేశాల నివేదికలు చెప్పాయి. వైరస్ నేరుగా మూత్రపిండ కణాల్లో చేరిన ఆనవాళ్ళు కొన్ని శవపరీక్షల్లో దొరికాయి గానీ, అసలు కారణం అదేనని చెప్పడానికి ఆ సాక్ష్యం చాలదు. రక్తపోటు పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం, వెంట వచ్చే బాక్టీరియా, నీరు చాలకపోవడం: ఎక్కువ కేసులను ఇవే వివరిస్తాయి.

నీటి సంగతి దగ్గర కాస్త ఆగాలి. ఒంటి వేడి ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే చర్మం, శ్వాస ద్వారా పోయే నీరు సుమారు పదో వంతు ఎక్కువవుతుంది. అదే సమయంలో నోరు చేదుగా ఉండి రోగి తాగడం మానేస్తాడు. ఇంట్లో పెద్దలు లంఖణం పరమౌషధం అంటారు. అన్నం మానితే రెండు రోజుల్లో ముప్పేమీ రాదు. గంజి, మజ్జిగ, నీళ్ళు కూడా మానిపించడంతోనే చిక్కు. నీరు తగ్గిన శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాలు మూత్రపిండంలోకి రక్తం తెచ్చే సన్నని ధమనిని తెరిచి ఉంచుతాయి. సరిగ్గా అప్పుడే ఒళ్ళు నొప్పులకని డైక్లోఫెనాక్ సూది పడుతుంది, లేదా మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ గోలీలు చేతికొస్తాయి. ఈ మందులు ఆ ప్రోస్టాగ్లాండిన్లనే ఆపేస్తాయి. ధమని ముడుచుకుంటుంది, వడపోత పడిపోతుంది. ఒక్క సూదితో ఆరోగ్యవంతుడి కిడ్నీ పాడవుతుందని ఎవరూ అనరు. ఎండిన ఒంటికి, వాంతుల మీద, వరసగా మూడు రోజులు వేస్తే అది వేరే కథ. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2011లో నిషేధించింది. ఆ నిర్ణయానికి కారణం కాలేయమే గానీ, జ్వరానికి పారాసిటమాల్ చాలన్న పాఠం ఇక్కడా వర్తిస్తుంది.

కండరాల దారి వేరు. స్కూలు వయసు పిల్లల్లో, ముఖ్యంగా ఇన్‌ఫ్లూయెంజా బి వచ్చినప్పుడు, జ్వరం దిగుతుండగా పిక్కలు పట్టేసి నడవలేకపోవడం ఉంటుంది. చాలావరకు అది వారంలో తనంతట తానే పోతుంది. కొద్దిమందిలో మాత్రం కండరం విరిగి మయోగ్లోబిన్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రనాళికల్లోకి చేరుతుంది. ఇలాంటి 316 మంది పిల్లల వివరాలను కూర్చి 2004లో వెలువడిన ఒక సమీక్షలో కండరం ఆ స్థాయిలో విరిగినవారు 10 మందే. ఆ పదిమందిలో 8 మందికి మూత్రపిండాలు విఫలమయ్యాయి. అరుదైనదే, కానీ వస్తే వదలదు. గుర్తించడం మాత్రం కష్టం కాదు. మూత్రం డికాషన్ రంగుకు తిరుగుతుంది. స్ట్రిప్ పరీక్ష రక్తం ఉందంటుంది, మైక్రోస్కోపులో ఎర్రకణాలు కనపడవు. ఈ రెండూ కలిస్తే మయోగ్లోబిన్‌ను అనుమానించి రక్తంలో సీకే (క్రియాటిన్ కైనేజ్) పరీక్ష చేయించాలి.

మిగతావి క్లుప్తంగా. నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు ఫ్లూ వస్తే ఒంటి వాపు తిరగబెట్టవచ్చు. ఫ్లూ మీద న్యుమోకాకస్ కూడా చేరితే ఎర్రకణాలు చితికి, ప్లేట్‌లెట్లు పడిపోయి, కిడ్నీలు ఆగే హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్ రావచ్చు.

ఇక కలిగిరి మెట్ట. ఇక్కడ వానలు ప్రధానంగా అక్టోబర్, నవంబర్ నెలల ఈశాన్య రుతుపవనాలవి. చెన్నై, వేలూరుల్లో ఇన్‌ఫ్లూయెంజా ఉధృతి కూడా ఆ నెలల్లోనే ఉంటుందని జాతీయ నిఘా సమాచారం చూపింది. అదే వానగాలి పడే నెల్లూరు జిల్లాకూ ఇది వర్తిస్తుందనుకోవడం సబబు. పొగాకు బోర్డు వేలం కేంద్రాలు కలిగిరిలోనూ డీసీపల్లిలోనూ ఉన్నాయి. ఆ పంట నాట్లు పడేదీ ఈ వానల వెంటే. కూలి గిట్టుబాటయ్యే రోజుల్లో జ్వరం పూర్తిగా దిగకముందే చేలోకి పోవడం, పోవడానికి సూది వేయించుకోవడం ఎవరికైనా అర్థమయ్యే లెక్కే.

తాగునీటికీ ఒక చరిత్ర ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్యులు వర్ణించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల నుంచి. ఉదయగిరి మెట్టది కూడా ఆ పొరుగు నేలే. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపే పని ప్రధానంగా మూత్రపిండాలదే కాబట్టి, అవి మందగిస్తే అది ఎముకల్లో మరింత పేరుకుంటుంది. ఫ్లోరైడ్ వల్లే ఇక్కడివారి కిడ్నీలు పాడవుతున్నాయని తేల్చేయడానికి నేను సిద్ధంగా లేను. ఏ కిడ్నీ జబ్బునైనా నీళ్ళ ఖాతాలో వేసేసే అలవాటు వల్ల జ్వరం నాటి దెబ్బలు లెక్కలోకి రాకుండా పోతాయన్నదే నా అభ్యంతరం.

ఇంకో హెచ్చరిక అవసరం. వానాకాలపు జ్వరంలో మూత్రం తగ్గితే ముందు చూడాల్సింది లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్, డెంగీ, మలేరియా. ఫ్లూ వరస వీటి తర్వాతే. దగ్గు ఉంది కదా అని ఫ్లూ ముద్ర వేసి పంపితే, డాక్సీసైక్లిన్‌తో తేలిగ్గా నయమయ్యే జబ్బు చేయి దాటిపోతుంది.

రిపోర్టు చదివే తీరులోనూ లోపముంది. 2012 నాటి కేడీగో అంతర్జాతీయ కిడ్నీ వైద్య ప్రమాణాల ప్రకారం క్రియాటినిన్ 48 గంటల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా, ఆరు గంటల పాటు గంటకు కిలోకు అర మిల్లీలీటరు కన్నా తక్కువ మూత్రం వచ్చినా హఠాత్ దెబ్బ తగిలినట్టే. 0.5 ఉండే పదిహేనేళ్ళ పిల్లవాడికి 0.9 వస్తే ల్యాబ్ కాగితం నార్మల్ అనే చెబుతుంది. అప్పటికే అతని వడపోత సగానికి దగ్గరగా పడిపోయి ఉండొచ్చు. యాభై కిలోల పిల్లవాడు ఆరు గంటల్లో 150 మిల్లీలీటర్ల మూత్రం పోయకపోతే కాగితం ఏమన్నా నమ్మనక్కర్లేదు.

ఒసెల్టామివిర్ వాడేటప్పుడు కూడా ఇదే చూపు ఉండాలి. ఆ మందు మూత్రపిండాల ద్వారానే పోతుంది. పెద్దవారిలో క్రియాటినిన్ క్లియరెన్స్ 60 నుంచి 30 మధ్యకు దిగితే పూటకు 75 మిల్లీగ్రాముల మోతాదును 30కి తగ్గించాలి. ఫ్లూ టీకా ప్రభుత్వ సార్వత్రిక టీకాల జాబితాలో లేదు. నెఫ్రోటిక్ పిల్లలకూ, ఇదివరకే కిడ్నీ జబ్బున్న యువతకూ ఏటా వానలకు ముందే వేయించడం మేలు.

మండల స్థాయి వైద్యులకు నా విన్నపం ఒకటే. మూడు రోజులు దాటిన ప్రతి జ్వరానికీ మూత్రం స్ట్రిప్ పరీక్ష, క్రియాటినిన్ చేయించి, రోగి ఇంతకుముందు వేయించుకున్న సూదుల పేర్లు కేసు షీటులో రాయండి. దెబ్బ తగిలిన పిలకాయలను మూడు నెలలకు మళ్ళీ పిలిచి రక్తపోటు, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూడండి.