గ్రాఫిక్స్ డ్రైవర్ లేకపోవడం: ఇంటి కంప్యూటర్‌లో గుర్తింపు, సరిచేయడం

గ్రాఫిక్స్ డ్రైవర్ అంటే కంప్యూటర్‌లోని డిస్‌ప్లే చిప్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య పనిచేసే సాఫ్ట్‌వేర్. చిప్ మదర్‌బోర్డు మీది స్లాటులో విడి కార్డుగా ఉండవచ్చు, ప్రాసెసర్‌లోనే కలిసి ఉండవచ్చు. ఇళ్లలో కనిపించేవి ఎక్కువగా ఇంటెల్, ఎన్విడియా, ఎఎండి కంపెనీల చిప్‌లు. ఏ చిప్‌కు తగిన డ్రైవర్ ఆ చిప్‌కే కావాలి. అది లేకపోయినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ ఇచ్చే మామూలు చిత్రాన్నే విండోస్ వాడుకుంటుంది. ఇందుకోసం విండోస్ 8 నుంచి ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ ఉంది. విండోస్ 7లో ఇదే పనికి ‘స్టాండర్డ్ విజిఎ’ ఉండేది. 1987లో ఐబిఎం పిఎస్/2 కంప్యూటర్లతో వచ్చిన విజిఎ ప్రమాణం పేరు దానికి అలాగే నిలిచిపోయింది.

ఈ స్థితిలో బొమ్మ గీసే పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. అక్షరాలు లావుగా, మసకగా కనిపిస్తాయి. 1366×768 మానిటర్ మీద 1024×768 చిత్రం పరుచుకుంటే అన్నీ అడ్డంగా సాగిపోతాయి. తెలుగు లిపిలో గుండ్రాలు ఎక్కువ కాబట్టి తేడా వెంటనే కంటికి తెలుస్తుంది: సున్నా కోడిగుడ్డులా మారుతుంది, వత్తులు పై అక్షరంలో కలిసిపోతాయి. విండో లాగితే వెనక చార పడుతుంది, వీడియో ఆగి ఆగి ఆడుతుంది, రెండో మానిటర్ వెలగదు, ల్యాప్‌టాప్‌లో వెలుతురు తగ్గించే మీట పనిచేయదు. స్టార్ట్ మెనూలో ‘స్లీప్’ మాయమవడం కూడా ఈ లోపానికి గుర్తే. దీన్ని చాలామంది గమనించరు. ఆంధ్రప్రదేశ్ భూ రికార్డుల సైట్ మీభూమిలో అడంగల్ చూడటం, ప్రింట్ తీయడం, ఉత్తరం టైపు చేయడం వంటి పనులకు మాత్రం డ్రైవర్ లేకపోయినా అడ్డు ఉండదు.

డ్రైవర్ లోపాన్నీ కార్డు చెడిపోవడాన్నీ వేరుచేసి చూడటం ఇందులో అన్నిటికన్నా ముఖ్యం. స్విచ్ వేయగానే కంపెనీ లోగో గానీ బయాస్ తెర గానీ వస్తే కార్డు, కేబుల్, మానిటర్ కనీస స్థాయిలో పనిచేస్తున్నట్టే, ఎందుకంటే ఆ దశలో విండోస్ డ్రైవర్ ఇంకా రంగంలోకి రాదు. మొదటి నుంచీ తెర నల్లగా ఉంటే తప్పు డ్రైవర్‌ది కాదు. అప్పుడు కేబుల్, ర్యామ్, పవర్ సప్లై చూడాలి. లోగో వచ్చి, విండోస్ మొదలయ్యాక తెర నల్లబడుతుంటే సేఫ్ మోడ్‌లో తెరిచి చూడాలి. సేఫ్ మోడ్ కంపెనీ డ్రైవర్‌ను పక్కనపెట్టి బేసిక్ డ్రైవర్‌తోనే నడుస్తుంది. అందులో బొమ్మ సరిగ్గా వస్తే అనుమానం డ్రైవర్ మీదికే పోతుంది. ఈ రెండు పరీక్షలకూ డబ్బు ఖర్చు లేదు. అయినా ఇవి చేయకుండానే కార్డు మార్చేవాళ్లు, ‘ఫార్మాట్ కొట్టించే’వాళ్లు చాలామంది ఉన్నారు. డ్రైవర్ లోపానికి ఫార్మాట్ మందు కాదు. అసలు ఈ లోపం ఎక్కువగా పుట్టేదే ఫార్మాట్ తర్వాత. కొత్త విండోస్ వేసినవారు మదర్‌బోర్డు సీడీ దొరకక డ్రైవర్లు వేయకుండానే యంత్రాన్ని ఇంటికి పంపుతారు.

విడి కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో మానిటర్ కేబుల్‌ను కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డు పోర్టుకు కాదు. కోర్ ఐ5-9400ఎఫ్ లాగా చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ వాడకానికి ఉండదు కాబట్టి వాటితో మదర్‌బోర్డు పోర్టులో ఎప్పటికీ బొమ్మ రాదు.

తర్వాతి మెట్టు డివైస్ మేనేజర్. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే అది కనిపిస్తుంది. ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ కింద చిప్ పేరు లేకుండా బేసిక్ అడాప్టర్ మాత్రమే ఉన్నా, ‘అదర్ డివైసెస్’ కింద పసుపు గుర్తుతో వీడియో కంట్రోలర్ ఉన్నా డ్రైవర్ పడలేదని అర్థం. ప్రాపర్టీస్ తెరిస్తే ఒక కోడ్ ఉంటుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ వేయలేదు. కోడ్ 22 అంటే ఎవరో ఆ పరికరాన్ని డిజేబుల్ చేశారు, ఎనేబుల్ చేస్తే చాలు. కోడ్ 43 అంటే పరికరమే లోపం చెప్పుకుంటోంది కాబట్టి విండోస్ దాన్ని ఆపేసింది. డ్రైవర్‌ను శుభ్రంగా మళ్లీ వేశాక కూడా 43 పోకపోతే కార్డునే అనుమానించాలి. వేసవిలో ఇంటి లోపలికీ దుమ్ము చేరుతుంది. కార్డు ఫ్యాన్ తిరుగుతోందో లేదో, హీట్‌సింక్ రెక్కల మధ్య నూగు పట్టిందో లేదో కోడ్ 43 వచ్చినప్పుడు చూడటం మంచిది.

చిప్ ఏదో తేల్చడానికి అట్టపెట్టె మీది పేరును నమ్మరాదు. డివైస్ మేనేజర్‌లో ‘డీటెయిల్స్’ ట్యాబులో ‘హార్డ్‌వేర్ ఐడిస్’ చూడాలి. మొదటి నాలుగు అంకెల గుర్తు కంపెనీది: 8086 ఇంటెల్, 10డిఇ ఎన్విడియా, 1002 ఎఎండి. 2006లో ఎఎండి కొనేసిన ఎటిఐ కార్డులకూ ఇదే 1002 ఉంటుంది. తర్వాతి నాలుగు అంకెలు చిప్‌వి. జిటి 730 అనే ఒక్క పేరుతో ఎన్విడియా వేర్వేరు తరాల చిప్‌లు అమ్మింది. ఐడి 0ఎఫ్02 అయితే అది పాత ఫెర్మి తరం, డ్రైవర్ 391 వరుస దగ్గర ఆగిపోయింది. 1287 అయితే కెప్లర్ తరం, దానికి 470 వరుస కావాలి. పెట్టె మీది పేరు చూసి సరికొత్త డ్రైవర్ దించుకుంటే, ‘మీ కంప్యూటర్‌కు తగిన హార్డ్‌వేర్ లేదు’ అనే అర్థం వచ్చే సందేశంతో ఇన్‌స్టాలర్ ఆగిపోతుంది. కార్డు బాగానే ఉన్నా, అది చెడిపోయిందని మనిషి నమ్మేది ఇక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లోని పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు వైపు ఊళ్లలో పాత యంత్రాలు చాలాకాలం వాడకంలో ఉంటాయి. కొన్ని దగ్గరి పట్నంలో అసెంబుల్ చేయించినవి. కొన్ని పెద్ద ఆఫీసులు వాడి తీసేశాక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి బజార్ల మీదుగా చేతులు మారినవి. ఆఫీసు డెస్క్‌టాప్ అయితే పని తేలిక: డబ్బా మీది స్టిక్కర్‌లో సర్వీస్ ట్యాగ్ గానీ సీరియల్ నంబర్ గానీ ఉంటుంది, దాన్ని తయారీదారు సైట్‌లో కొడితే ఆ మోడల్ డ్రైవర్లన్నీ వస్తాయి. ల్యాప్‌టాప్‌లకూ ఇదే దారి. అసెంబుల్డ్ యంత్రమైతే చిప్ కంపెనీ సైట్‌కు వెళ్లాలి. 2011లో వచ్చిన 2వ తరం ఇంటెల్ కోర్ ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌కు విండోస్ 10 డ్రైవర్‌ను ఇంటెల్ తన సైట్‌లో పెట్టలేదు. అది విండోస్ అప్‌డేట్ ద్వారానే వస్తుంది. అందుకే ముందుగా విండోస్ అప్‌డేట్ నడిపించి, ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ కూడా చూడటం అన్నిటికన్నా క్షేమం. గూగుల్‌లో పైన కనిపించే ‘డ్రైవర్ అప్‌డేటర్’ల జోలికి పోకూడదు. తప్పు డ్రైవర్ వేసి, డబ్బు అడిగి, కొన్నిసార్లు వైరస్ కూడా అంటించి పోతాయి.

ఇంటర్నెట్ దగ్గర మూడు చిక్కులు వస్తాయి. ఫార్మాట్ తర్వాత నెట్‌వర్క్ డ్రైవరూ ఉండకపోవచ్చు. అప్పుడు ఫోన్‌ను యుఎస్‌బి కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా విండోస్ దాన్ని వెంటనే గుర్తిస్తుంది. కనెక్షన్‌ను మీటర్డ్‌గా పెట్టి ఉంటే విండోస్ డ్రైవర్లను దించకుండా ఊరుకుంటుంది, సెట్టింగ్స్‌లో ఆ అనుమతి ఇవ్వాలి. మూడోది పాత యంత్రాల్లో తరచూ కనిపించేది: మదర్‌బోర్డు మీది సిఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే సైట్ల భద్రతా ధ్రువపత్రం చెల్లనట్టు కనిపించి, ఏ పేజీ తెరిచినా బ్రౌజర్ హెచ్చరికే చూపిస్తుంది. గడియారంలో తేదీ సరిచేస్తే చాలు, సైట్ తెరుచుకుంటుంది. బ్యాటరీ మాత్రం మార్చుకోవాలి.

వేసేముందు పాత డ్రైవర్‌ను తీసేయాలి. మామూలు అన్‌ఇన్‌స్టాల్ చాలకపోతే సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనం దాని జాడలన్నీ తుడుస్తుంది. ఆ సమయంలో నెట్ తీసి ఉంచితే విండోస్ తనంతట తాను మరో డ్రైవర్ వేయదు. కరెంటు కోతలు ఉన్న వేళ, యుపిఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఇన్‌స్టలేషన్ మధ్యలో తెర ఒకటి రెండుసార్లు నల్లబడి రావడం సహజం. చెడిపోయిందనుకుని అక్కడ స్విచ్ తీస్తే డ్రైవర్ సగంలో ఆగి, కథ మళ్లీ మొదటికి వస్తుంది. నిన్నటి దాకా బాగుండి, అప్‌డేట్ తర్వాత చెడితే ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే పాతది తిరిగి వస్తుంది.

కొన్ని చిప్‌లకు కొత్త డ్రైవర్ ఇక రాదు. జిటి 710 వంటి కెప్లర్ కార్డులకు ఎన్విడియా కొత్త డ్రైవర్లను 2021లో ఆపి, భద్రతా సవరణలను 2024 సెప్టెంబరు దాకా ఇచ్చింది. విండోస్ 10కే మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు డబ్ల్యుడిడిఎం 2.0 స్థాయి డ్రైవర్ ఉండాలి, చాలా పాత చిప్‌లు దాన్ని అందుకోలేవు. అలాంటి యంత్రాలకు లినక్స్ మంచి ఆశ్రయం. ఇంటెల్, ఎఎండి చిప్‌లకు డ్రైవర్లు లినక్స్ కెర్నెల్‌లోనే ఉంటాయి, పాత ఎన్విడియా కార్డులకు అందులోనే నూవో అనే డ్రైవర్ ఉంది. కంపెనీ డ్రైవర్ కావాలంటే విడిగా వేసుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు, కంపెనీ డ్రైవర్ వేసినా పనిచేయకపోవడానికి తరచూ కారణం ఇదే.

అన్నీ కుదిరాక విండోస్‌లో పిఎన్‌పియుటిల్ అనే కమాండుతో వేసిన డ్రైవర్లన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. మళ్లీ ఫార్మాట్ అవసరమైన రోజున డివైస్ మేనేజర్‌లో ‘అప్‌డేట్ డ్రైవర్’ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే నెట్ లేకుండానే అవి తిరిగి పడతాయి.