విలియం ఓడ్వయర్: కూలి పని నుంచి న్యూయార్క్ మేయర్ పదవి దాకా

విలియం ఓడ్వయర్ (1890-1964) న్యూయార్క్ నగరానికి 100వ మేయర్. జలియన్‌వాలాబాగ్ కాలంలో పంజాబ్‌ను పాలించిన మైకేల్ ఓడ్వయర్ వేరు, ఈయన వేరు.

ఐర్లండ్‌లోని మేయో కౌంటీ, బొహోలా అనే ఊళ్లో పుట్టారు. తల్లిదండ్రులు టీచర్లు. 11 మంది పిల్లల్లో ఈయనే పెద్ద. క్రైస్తవ మతగురువు కావాలని స్పెయిన్‌లోని సలమాంకాలో చేరి, ఆ చదువు మధ్యలోనే మానేశారు. 1910లో అమెరికా చేరుకున్నారు. కూలి పని చేశారు, బార్‌లో పనిచేశారు. 1917లో పోలీసు ఉద్యోగం దొరికింది. డ్యూటీ చేస్తూనే ఫోర్డమ్ యూనివర్సిటీలో రాత్రిపూట లా చదివి, 1923లో డిగ్రీ తీసుకున్నారు. లాయర్‌గా, తర్వాత జడ్జిగా పనిచేశారు.

1939లో బ్రూక్లిన్ జిల్లా అటార్నీగా ఎన్నికయ్యారు. డబ్బు తీసుకుని హత్యలు చేసే 'మర్డర్ ఇన్‌కార్పొరేటెడ్' ముఠాపై కేసులు నడిపి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ముఠాలో పలువురికి మరణశిక్ష పడింది. అయితే ముఖ్య సాక్షి ఏబ్ రెలెస్ 1941 నవంబర్‌లో పోలీసుల కాపలాలో ఉండగానే హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. ముఠా పెద్దల్లో ఒకడైన ఆల్బర్ట్ అనస్తేసియాపై కేసు కోర్టుదాకా వెళ్లనే లేదు. ఈ మచ్చ ఓడ్వయర్‌ను చివరిదాకా వదల్లేదు.

1941లో లాగార్డియా చేతిలో ఓడి, 1945లో డెమొక్రటిక్ పార్టీ తరఫున మేయర్‌గా గెలిచారు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయం న్యూయార్క్‌కు రావడానికి గట్టిగా ప్రయత్నించారు. 1947లో నగరంలో మశూచి బయటపడితే, ముందు తానే అందరి ఎదుట టీకా వేయించుకున్నారు. వారాల్లోనే లక్షలాది మంది టీకాలకు క్యూ కట్టారు. కేసులు 12 దగ్గర, మరణాలు 2 దగ్గర ఆగిపోయాయి. 1948లో సబ్‌వే టికెట్ 5 సెంట్ల నుంచి 10 సెంట్లకు పెంచడం మాత్రం జనానికి భారమైంది.

1949లో మళ్లీ గెలిచారు. కానీ బెట్టింగ్ నడిపేవాళ్ల నుంచి పోలీసులు మామూళ్లు తీసుకున్నారన్న కుంభకోణం పెద్దదవుతుండగా, 1950 ఆగస్టులో రాజీనామా చేశారు. అధ్యక్షుడు ట్రూమన్ ఆయన్ను మెక్సికోకు రాయబారిగా పంపారు. 1951లో సెనేట్ కెఫావర్ కమిటీ ఆయన్ను ప్రశ్నించి, నేరముఠాల పెద్దలపై గట్టి చర్య తీసుకోలేదని తప్పుపట్టింది. కోర్టులో మాత్రం ఆయనపై ఏ నేరమూ రుజువు కాలేదు.

1964 నవంబర్ 24న న్యూయార్క్‌లో చనిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి బ్రిగేడియర్ జనరల్ దాకా ఎదిగిన ఆయన్ను ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. తమ్ముడు పాల్ ఓడ్వయర్ కూడా లాయరే. ఆయన తర్వాతి కాలంలో న్యూయార్క్ సిటీ కౌన్సిల్ అధ్యక్షుడయ్యారు.