విమానాశ్రయ భాగస్వాములు - వారి పూర్వ వృత్తులు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను టెండరు ఫైళ్లు చూసిన గుమాస్తాను. నాకు తెలిసిన దారిలోనే వస్తాను.

టెండరు కవరు విప్పితే రేటుకంటే ముందు అనుభవ పత్రం చూసేవాళ్లం. ఒకసారి చెరువు తూము పనికి వచ్చిన కంట్రాక్టరు సొంత అనుభవం లేక భాగస్వామి పత్రం జతపరిచాడు. అన్నీ సక్రమమేనని నోటు పెట్టింది నేనే. ఆ భాగస్వామి పని దగ్గరికి ఒక్కనాడూ రాలేదు. మన అనంతపురంలో చెరువు నిండేదే ఏ నాలుగేళ్లకో. ఆ ఏడు నిండింది. తూము కారి నెల తిరక్కుండా ఖాళీ అయింది. ఆయకట్టు రైతులు మా ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం నేను మరచిపోలేదు. అప్పటినుంచి ఏ పెద్ద పని చూసినా భాగస్వాములెవరు, ఇంతకుముందు ఏం చేసేవారు అని ఆరా తీయడం అలవాటైంది.

2008లో హైదరాబాదు దగ్గర శంషాబాదులో, బెంగుళూరు దగ్గర దేవనహళ్లిలో కొత్త విమానాశ్రయాలు తెరిచారు. అప్పట్లో శంషాబాదులో 63 శాతం వాటా జి.ఎం.ఆర్. వారిది. దాని అధిపతి గ్రంధి మల్లికార్జునరావు గారు రాజాం వాస్తవ్యులు, చదివింది మెకానికల్ ఇంజనీరింగు. జనపనార మిల్లుతో మొదలై బ్యాంకు వాటాలు, విద్యుత్ కేంద్రాల మీదుగా ఇక్కడికి వచ్చారు. విమానాశ్రయం నడిపిన అనుభవం 11 శాతం తీసుకున్న మలేషియా సంస్థది. కౌలాలంపూరు విమానాశ్రయం వారిదే. రాష్ట్ర ప్రభుత్వానికి, కేంద్ర విమానాశ్రయాల సంస్థకు చెరి 13.

మన పిల్లలను విదేశాలకు సాగనంపేది దేవనహళ్లి నుంచే గనుక దాని సంగతి మనకు మరింత దగ్గర. అక్కడ మొదట్లో 40 శాతం జర్మనీ విద్యుత్ పరికరాల కంపెనీ సీమెన్స్‌ది. 17 శాతం స్విట్జర్లాండులో జూరిక్ విమానాశ్రయం నడిపేవారిది. మరో 17 లార్సెన్ అండ్ టూబ్రో వారిది. ఈ కంపెనీని 1938లో బొంబాయిలో ఇద్దరు డెన్మార్కు ఇంజనీర్లు పెట్టారు. మనకు వీరు కొత్తవారు కారు. 1990ల మధ్యలో సత్యసాయి సెంట్రల్ ట్రస్టు మంచినీటి పథకానికి మన జిల్లాలో ఏడువందల పైచిలుకు గ్రామాలకు పైపులు వేసింది వీరే. బిందె పట్టుకొని మైళ్లు నడిచిన ఆడవాళ్లకు ఆ అనుభవ పత్రం ఎవరూ చదివి చెప్పనక్కర లేదు. (పుట్టపర్తిలో 1990లో విమానాశ్రయం కట్టించిందీ అదే ట్రస్టు. అది ట్రస్టు సొంతం, వాటాల లెక్క లేదు.)

2009లో జి.వి.కె. వారు దేవనహళ్లిలో లార్సెన్ వారి వాటా మొత్తం, జూరిక్ వారి వాటాలో 12 శాతం కొన్నారు. వారిది మొదట కట్టడాల కంట్రాక్టు, ఆపైన జేగురుపాడు గ్యాసు విద్యుత్తు. 2006 నుంచి బొంబాయి విమానాశ్రయం కూడా చేతిలో ఉండేది. 2017లో వారూ అమ్మేశారు. కొన్న ఫెయిర్‌ఫాక్స్ కెనడా సంస్థ, వృత్తి బీమా. దాని అధిపతి ప్రేమ్ వత్సా పుట్టింది మాత్రం మన హైదరాబాదులోనే, మద్రాసు ఐ.ఐ.టి.లో కెమికల్ ఇంజనీరింగు చదివారు.

అనుభవం తెచ్చినవారే క్రమంగా వెళ్లిపోయారని విని నాకు తూము గుర్తుకొచ్చింది. అయితే తేడా ఉంది. జూరిక్ వారు పత్రం ఇచ్చి ఊరుకోలేదు, వచ్చి నడిపి చూపించారు.

మొన్న మనవరాలిని సాగనంపడానికి దేవనహళ్లి వెళ్లాను. చేతులు కడుక్కుంటూ కొళాయి కారుతున్నదేమో చూశాను. కారడం లేదు.