బస్తర్ చిట్టెం

బస్తర్‌లోని బైలడిల్లా అనగానే మా విశాఖవాళ్లకు కిరండూల్ నుంచి ఇనుప ఖనిజంతో దిగే గూడ్సు బళ్లే గుర్తొస్తాయి. అక్కడ పెద్ద గని 1968లో మొదలైంది. అంతకు ఎన్నో తరాల ముందే బస్తర్ కమ్మరులైన లోహారులు మట్టికొలిమిలో రాతి నుంచి ఇనుము తీసి గొడ్డళ్లు, నాగలికర్రులు చేశారు. లోహశాస్త్రం చదివిన నాకు ఆ ఇనుము కన్నా, కొలిమి పక్కన పారేసిన నల్లటి చిట్టెం మీదే మక్కువ.

ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. తిత్తులు తొక్కి అంత వేడి రప్పించడం అయ్యే పని కాదు, అవసరమూ లేదు. బొగ్గు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. పూర్తిగా ఇనుము కాని ఐరన్ ఆక్సైడు కొంత, రాతిలోని సిలికాతో కలిసి ఫయలైట్ అవుతుంది. ఇదే చిట్టెంలో ముఖ్యమైనది, 1200 డిగ్రీల దగ్గరే కరిగి కారిపోతుంది. ఇనుము మాత్రం కరగకుండా బెజ్జాల ముద్దగా మిగులుతుంది. బాగా వేడిగా ఉండగానే సమ్మెటతో బాదితే లోపలి చిట్టెం చిమ్ముకుంటూ బయటపడుతుంది.

ఐరన్ ఆక్సైడు, సిలికా కలిస్తే ఏ వేడికి కరుగుతాయో చూపే పటాన్ని బోవెన్, షైరర్ 1932లో ప్రచురించారు. లోహారులు దాని కోసం ఆగలేదు లెండి! వాళ్ల పద్ధతిలో నష్టమూ ఉంది: ఖనిజంలోని ఇనుము చాలావరకు చిట్టెం పాలే. నేటి బ్లాస్ట్ ఫర్నేసులో సున్నపురాయి వేస్తారు. సిలికాను సున్నం పట్టుకుంటుంది, ఇనుము దక్కుతుంది. కాకపోతే ఆ చిట్టెం కరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి.