బ్రూస్టర్ ఏమైంది?

వేసవికి తేలికైన ఏల్ కాద్దామని ఇంగ్లండులో మా కోడలు కిట్టు కొంటోంది. “చేదు తక్కువది చూడండి అత్తయ్యా” అంది. డబ్బాలో మాల్టు పాకం, హాప్స్, ఈస్టు. 1992లో నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమంలో తిరిగిన నాకు చెయ్యి రాలేదు.

కానీ 1300 ప్రాంతంలో ఇక్కడ ఏల్ కాచి అమ్మింది ఎక్కువగా ఆడవాళ్లే. ‘బ్రూస్టర్’ అంటే ఆమే. ఏల్ కొద్దిరోజుల్లోనే పాడయ్యేది. ఇంటి పొయ్యి సరిపోయేది. తర్వాత హాప్స్ వేసిన బీరొచ్చింది. అది నిలవుంటుంది, దూరం పోతుంది, పెట్టుబడి అడుగుతుంది. అప్పూ, వృత్తిసంఘాలూ మగవాళ్లవి. 1600 నాటికి ఆ పని చాలావరకు ఆమె చేయి దాటిందని జుడిత్ బెన్నెట్ 1996లో రాసింది.

నెల్లూరులో ఇంటి కూలిడబ్బు సారా కాంట్రాక్టరుకు చేరేది. ఇక్కడ ఆమె పనే పోయింది. లాభం ఎవరిదని రెండుచోట్లా అడగాలి.

చేదు తక్కువ డబ్బానే తీశాను.